ఎండకు వెలిసిపోయిన పురి

టర్కీ కోడి తోక చూసి దాని కులగోత్రాలు చెప్పగలవాడు మా నయోబ్రారా నది లోయ మొత్తానికి ఒక్కడే అని పేరు. ఆ ఒక్కడూ నేనే. వెండెల్ మాలెక్ అంటారు నన్ను. ఈ సంగతి జనం చెప్పుకున్నది తక్కువ, నేను చెప్పుకున్నది ఎక్కువ.

ఈ విద్య నాకు ఏ బడిలోనూ అబ్బింది కాదు. ముప్ఫై ఏళ్లు గ్యాసు లారీ నడిపాను. ఊరికి దూరంగా ఆవుల్ని పెంచుకునేవాళ్ల ఇళ్లకు వెళ్లి, పెరట్లోని పెద్ద ట్యాంకులు నింపి రావడం నా పని. ట్యాంకు నిండడానికి అరగంట పడుతుంది. ఆ అరగంటా చెయ్యడానికి ఏమీ ఉండదు గనక గడ్డిమేట్ల చుట్టూ తిరిగే అడవి టర్కీలను చూస్తూ నిలబడేవాణ్ణి. రోజూ చూసేదాని గురించి తనకు ఎంతో కొంత తెలుసని మనిషి అనుకోవడం సహజం. నేను కాస్త ఎక్కువ సహజంగా అనుకున్నాను.

టర్కీ పుంజు పురి విప్పినప్పుడు తోక అంచు చూడాలి. అదే దాని జాతకం. పడమటి కొండల్లో పైన్ చెట్ల కింద తిరిగే మెరియమ్ జాతికి అంచు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటుంది. దక్షిణాది నుంచి వచ్చిన రియో జాతికి పాలెక్కువ పోసిన కాఫీ రంగు. తూర్పు జాతికి ముదురు బెల్లం రంగు. ఫ్లారిడా చిత్తడి నేలల్లో ఉండే ఒసియోలా జాతిదీ ముదురు అంచే గానీ, దాని రెక్కల్లో తెలుపు బాగా తక్కువ. ఈ నాలుగు జాతుల పుంజుల్నీ ఒక్కొక్కటి చొప్పున వేటాడి కొట్టినవాడి పేరు మా ఊరి కెఫేలో గోడ మీది బోర్డుకు ఎక్కుతుంది.

అందులో మూడింటితో పేచీ లేదు. టెక్సస్ వెళ్లి కొడితే రియో, ఫ్లారిడా వెళ్లి కొడితే ఒసియోలా, మిస్సోరీలో కొడితే తూర్పుది. పేచీ అంతా మా దగ్గర కొట్టే మెరియమ్‌తోనే. మా లోయలో మూడు జాతులు ఎప్పుడో కలిసిపోయాయి. దగ్గరికొచ్చిన పుంజును నీ అంచు ఏ రంగని అడిగే అలవాటు పెట్టలకు లేదు. అందుకని సగానికి సగం సంకరమే. ఏది అసలో ఏది సంకరమో తేల్చడానికి వేటగాళ్ల సంఘానికి ఒక మనిషి కావాలి. చెయ్యెత్తింది నేను.

పద్ధతి ఇదీ. వేట రోజుల్లో ఆదివారం చర్చి అయ్యాక, కొట్టినవాడు తోకను పురి విప్పి ఆరబెట్టి మా ఇంటి అరుగు మీదికి తెస్తాడు. నేను ముందుగదిలోకి వెళ్లి, గోడ మీదున్న నా పురిని బయటికి తెస్తాను. ఇరవై తొమ్మిదేళ్ల కిందట నేను కొట్టిన మెరియమ్ పుంజుది అది. రెంటి అంచులూ పక్కపక్కన పెట్టి చూస్తాను. నా దానంత తెల్లగా ఉంటే మెరియమ్. వీసమెత్తు తగ్గితే సంకరం. సంఘం చీటీ మీద సంతకం నాది. పందొమ్మిదేళ్లలో ఆ అరుగెక్కిన పురుల్లో మూడంటే మూడింటికి ఔనన్నాను. నాది అంత డేగచూపని పొంగిపోయేవాణ్ణి.

ఆర్డెల్ క్రోగ్ మా ఇంటికి నాలుగు మైళ్ల దూరంలో ఆవులు పెంచుతాడు. మీసాలు రాని వయసు నుంచీ ఇద్దరం కలిసే వేటకు వెళ్లేవాళ్లం. చేతిలో పట్టేటంత చెక్కడబ్బా ఒకటి ఉంటుంది. దాని మూతను అంచు మీద రాస్తే పెట్ట పిలిచినట్టు కూస్తుంది. ఆ కూత పెట్టడంలో ఆర్డెల్‌కి సాటి మా జిల్లాలోనే లేడు. నేను రాస్తే తలుపు బందు కిర్రుమన్నట్టుంటుంది. నా గోడ మీది పుంజును పిలిచి తెచ్చింది కూడా వాడే. నేను కాల్చానంతే. ఈ ముక్క మాత్రం ఎక్కడా చెప్పుకునేవాణ్ణి కాదు.

ఆవుల్ని వదిలి సంతకైనా సరిగా కదలని మనిషి, ఈ నాలుగు జాతుల పిచ్చి పట్టి ఏడేళ్లపాటు కిందామీదా పడి మూడు రాష్ట్రాలు తిరిగాడు. మూడూ కొట్టుకొచ్చాడు. పదకొండేళ్ల కిందట, మే నెలలో ఒక ఆదివారం, నాలుగోది మా కొండల్లోనే కొట్టి దాని పురి నా అరుగు మీదికి తెచ్చాడు. ఆ రోజు అరుగు మీద తొమ్మిది మంది ఉన్నారు. మా ఆవిడ లవోన్ ఆప్రికాట్ పెట్టి కొలాచీ అనే తీపి రొట్టెలు చేసింది. ఆర్డెల్ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. బోర్డు మీద తన పేరుకి చోటు ఎక్కడుందో అప్పటికే చూసి వచ్చాడని తర్వాత తెలిసింది.

రెండు పురులూ పక్కపక్కన పెట్టాను. వాడిది కొంచెం తక్కువ తెలుపు. అప్పుడు నేను మెల్లిగా పక్కకు పిలిచి చెప్పాల్సింది. కానీ తొమ్మిది మంది చూస్తున్నారు, నోరు ఊరుకోదు.

“ఆర్డెల్, దీంట్లో కాఫీ ఎక్కువైందిరా. కాస్త చక్కెర వేసుకుని తాగెయ్” అన్నాను.

అందరూ విరగబడి నవ్వారు. ఆర్డెల్ కూడా ఒక క్షణం నవ్వబోయి మానేశాడు. పురిని పాత పేపర్లో చుట్టుకుని, లవోన్ చేతికిచ్చిన రొట్టెను మెట్టు మీద పెట్టేసి వెళ్లిపోయాడు. ఆ వారంలోనే ఊళ్లో వాడికి కాఫీ క్రోగ్ అని పేరు పడింది. దాణా కొట్టువాడు వాడి బస్తాల మీద బొగ్గుతో అలాగే రాసేవాడు. వాడు మళ్లీ మా అరుగెక్కలేదు. చర్చిలో ఎదురైతే తల ఊపేవాడు, నేనూ ఊపేవాణ్ణి. నిజం చెబితే నిష్ఠూరమని నేను పదిమందికీ చెప్పుకు తిరిగాను. వేటకు ఒక్కణ్ణే వెళ్లడం మొదలుపెట్టాను. ఒక్కడిగా వెళితే కబుర్లుండవు, పుంజులూ రావు. అది నాకు లోపల్లోపల బాగానే తెలిసేది.

ఈ ఏప్రిల్లో లవోన్ ముందుగదికి రంగు వేయిద్దామంది. గోడ మీదివన్నీ దించమంది. నేను ఏదో సాకు చెప్పి కుర్చీలోంచి లేవలేదు. తనే స్టూలెక్కి పురిని దించింది. పురికి కుడి చివర మూడు ఈకల మీద నా ఫొటో ఒకటి గుచ్చి ఉంటుంది. చచ్చిన పుంజు పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఊరంతా గెలిచినట్టు నవ్వుతున్న ఫొటో. దుమ్ము దులపడానికి లవోన్ దాన్ని తీసింది.

“వెండెల్, ఇలా రా. ఈ మూడు ఈకలకి ఏమొచ్చింది?”

ఫొటో కింద ఉన్న మూడు ఈకల అంచులు కాఫీ రంగులో ఉన్నాయి. పాలు ఎక్కువ పోసిన కాఫీ. పక్కనున్న పదిహేను ఈకలూ సున్నం తెలుపు.

ఫొటో జిగురు అంటుకుని ఉంటుందన్నాను. వంటగదిలోకి తీసుకెళ్లి గిన్నెలు తోమే సబ్బుతో తోమాను. రంగు పోలేదు. వెనిగర్ పట్టించాను. పోలేదు సరికదా పచ్చడి వాసన పట్టుకుంది. అప్పుడు మిగతా ఈకల్ని ఒక్కొక్కటే పక్కకు జరిపి చూశాను. ఒక ఈక మీద మరొకటి ఎక్కి దాక్కున్న చోటల్లా అంచు కాఫీ రంగే. బయటికి కనిపించే చోటే తెలుపు. మా ముందుగది కిటికీ దక్షిణానికి ఉంది. చలికాలమంతా ఎండ సూటిగా ఆ గోడ మీదే పడుతుంది. ఇరవై తొమ్మిదేళ్లు ఎండ కాచి కాచి నా సంకరం పుంజును మెరియమ్ చేసింది.

తా పట్టిన కుందేలుకు మూడే కాళ్లని మొండికేసేవాణ్ణి చూశాం. ఆ కుందేలును తెచ్చి పక్కన పెట్టి, ఊళ్లో కుందేళ్లన్నిటికీ కాళ్లు లెక్కపెట్టినవాణ్ణి నన్నొక్కణ్ణే చూశాను. పచ్చి ఈకల్ని తెచ్చి, ఎండలో చలువ చేసిన ఈకల పక్కన పెట్టి, నీది తెల్లగా లేదు పొమ్మన్నాను. నేను ఔనన్న ఆ మూడు పురులూ ఎవరివో అప్పుడు గుర్తొచ్చింది. ముగ్గురూ బద్ధకస్తులు. కొట్టిన పురిని ఏడాదో రెండేళ్లో ట్రక్కు అద్దం వెనక ఎండబెట్టి, తీరిగ్గా తెచ్చినవాళ్లు. వాళ్లకే నేను చీటీ మీద సంతకం పెట్టాను.

మూడు రోజులు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. ఇంట్లో ఉండేది లవోనే. నాలుగో రోజు తను కాఫీ కప్పు నా ముందు పెట్టి, ఆర్డెల్‌కి చెప్పేది నువ్వా నేనా అని అడిగింది. కప్పులోకి చూడలేకపోయాను. అయినా వాడిది నిజంగా సంకరమే అయి ఉండొచ్చుగా అన్నాను.

“ఆ మాట నాతో కాదు, ఆయన మొహం చూసి చెప్పు” అంది.

వెళ్లాను. దారిలో నాలుగు మైళ్లూ మాటలు కూర్చుకున్నాను. అందులో ఎండ తప్పు చాలా ఉంది, కిటికీ కట్టిన మేస్త్రీ తప్పు కొంత ఉంది, నా తప్పు బాగా చివర్లో వస్తుంది. ఆర్డెల్ మంచుకు పడిపోయిన కంచె కట్టుకుంటున్నాడు. నన్ను చూసి పని ఆపలేదు. ముళ్లతీగ రెండో కొస పట్టుకోమని సైగ చేశాడు. పట్టుకున్నాను. చేతికి తొడుగులు లేవు. ఆ తీగ గుచ్చుకునేసరికి కూర్చుకున్న వరసంతా మర్చిపోయి, నా తప్పు ముందే వచ్చేసింది.

ఫొటో కింది మూడు ఈకల నుంచి వెనిగర్ దాకా అంతా చెప్పాను. వాడు మేకు కొట్టడం పూర్తి చేశాడు.

“నా పురి లేదు. ఆ సాయంత్రమే చెత్త తగలబెట్టే పీపాలో వేసి కాల్చేశాను” అన్నాడు.

అప్పటిదాకా నా బుర్రలో ఒక ఏర్పాటు ఉంది. వాడి పురిని మళ్లీ చూస్తాను, మెరియమ్ అని ఒప్పుకుంటాను, సంతకం పెడతాను, ఇద్దరం కొలాచీ తింటాం. ఇప్పుడు చూడ్డానికి ఏమీ లేదు. కావాలంటే చూడకుండానే సంతకం పెడతాను అన్నాను. అది నోట్లోంచి బయటికి వచ్చాకే ఎంత చవకబారు మాటో తెలిసింది.

“చూసి పెట్టిన సంతకాలే అలా తగలడ్డాయి. చూడకుండా పెట్టేదెందుకురా నాకు?” అన్నాడు. కంచె వైపు చూస్తూనే ఇంకో మాట అన్నాడు: “ఆ తర్వాత నేను టర్కీని కొట్టలేదు. కొడితే మళ్లీ నీ గుమ్మంలోకేగా తేవాలి.”

వాడు బాగానే ఉన్నాడనీ, అలిగి వేరేచోట వేటాడుకుంటున్నాడనీ పదకొండేళ్లుగా అనుకున్నాను. వసంతమంతా పుంజులు వాడి పొలం గట్టునే అరుస్తుంటే, జిల్లాలో అందరికన్నా బాగా కూత పెట్టే మనిషి కిటికీ మూసుకుని కూర్చున్నాడని నాకు తోచనే లేదు. శనివారం నాతో వస్తావా అని అడిగాను. వాడు తీగ బిగించి ఇంకో మేకు కొట్టాడు.

“వస్తా. కూత మాత్రం నువ్వు పెట్టకు” అన్నాడు.

శుక్రవారం పొద్దున్న పురిని కెఫేకి పట్టుకెళ్లి, అందరూ ఫలహారం చేసే పెద్ద బల్ల మీద పెట్టి, మూడు ఈకలూ చూపించి, జరిగింది జరిగినట్టు చెప్పాను. గురివింద గింజలాంటివాణ్ణి, నా కిందనున్న నలుపు నాకే కనపడలేదన్నాను. ఎవరైనా జాలిపడి భుజం తడతారని మనసులో ఒక మూల ఆశ ఉండేది. ఎవరూ తట్టలేదు. నవ్వు మాత్రం వీధి చివరిదాకా వినపడి ఉంటుంది. బోర్డుకెక్కిన ముగ్గురికీ కోపం వచ్చింది. ఆర్డెల్‌ని కాఫీ అని పిలవడం ఇక మానమని అడిగాను. దాణా కొట్టువాడు సరేనన్నాడు. నన్ను మాత్రం ఆ పూట నుంచే సున్నం మాలెక్ అంటున్నాడు. ఇంకా అంటూనే ఉన్నాడు.

శనివారం తెల్లవారుతుండగా పైన్ చెట్ల వాలులో ఒకే చెట్టుకి వీపులానించి పక్కపక్కనే కూర్చున్నాం. ఆర్డెల్ జేబులోంచి చెక్కడబ్బా తీశాడు. పదకొండేళ్లు వాడకపోతే చెయ్యి మర్చిపోయి ఉంటుందనుకున్నాను. మూతను ఒక్కసారి మెల్లిగా రాశాడు. అవతలి గుట్ట మీద పుంజు గొంతెత్తి గడగడమంది. వాడు ఇంకోసారి పిలవలేదు. పిలవాలని నా ప్రాణం కొట్టుకుంది. మోచేత్తో పొడిచాను. కదలొద్దన్నట్టు నా బూటు మీద బూటు వేసి తొక్కాడు. నేను ఒక్కణ్ణే వెళ్లినప్పుడు ఆపకుండా పిలిచి పిలిచి పుంజుల్ని పక్క జిల్లాకు తోలేవాణ్ణని అప్పుడు అర్థమైంది.

ఇరవై నిమిషాలు గడిచాయి. నా కుడికాలు తిమ్మిరెక్కి నాది కాకుండా పోయింది. అప్పుడు పుంజు వచ్చింది. తల నీలం, మెడ ఎరుపు, రెక్కలు నేలకు రాస్తూ చెట్ల మధ్య నుంచి నడిచి వచ్చి పురి విప్పింది. నీడలో ఉన్నప్పుడు అంచు మీగడ రంగు. రెండడుగులు వేసి ఎండలోకి వచ్చేసరికి తెలుపు. మళ్లీ నీడలోకి వెళితే మళ్లీ మీగడ. నా పెదాలు వాటంతటవే కదులుతున్నాయి. నోరు మూసుకోవడానికి చొక్కా కాలర్ని కొరికి పట్టుకున్నాను.

ఆర్డెల్ తుపాకీ ఎత్తి మెడకు గురిపెట్టి కాల్చాడు. పుంజు ఉన్నచోటే పడిపోయింది.

వాడు లేచి వెళ్లాడు. పుంజు పక్కన మోకాళ్ల మీద కూర్చుని, దాని రొమ్ము మీది గడ్డం లాంటి వెంట్రుకల్ని వేళ్లతో కొలిచాడు, కాలి ముల్లును బొటనవేలితో తడిమాడు. చాలాసేపు దాని ఈకల్నే నిమురుతూ ఉండిపోయాడు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చలిగాలి అని చెప్పుకున్నాను గానీ గాలేమీ లేదు. తర్వాత వాడు తోకను రెండు చేతులా పట్టి పూర్తిగా విప్పి నా ముందుకు చాపాడు.

“చెప్పు” అన్నాడు.

వద్దన్నాను. ఏదైతేనేం, ఇంటికెళ్లి వండుకుందామన్నాను. వాడు చేతులు దించలేదు.

“వేళాకోళం కాదు. ముప్ఫై ఏళ్లు చూశావు. చూసి చెప్పు.”

చూశాను. ఎండలోకి తీసుకెళ్లి చూశాను, నీడలోకి తెచ్చి చూశాను. ఒక ఈకను పక్కకు జరిపి దాని కింద దాక్కున్న అంచు చూశాను. నడుం మీది చిన్న ఈకలు చూశాను. అవి తెల్లగానే ఉన్నాయనిపిస్తుంది, అంతలోనే వాటిలో పాలపొంగు మీది జీర లాంటిదేదో కనిపిస్తుంది. మెరియమ్ అని చెబితే వాడు సంతోషిస్తాడు. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఎంత సుళువైన మాట. పదకొండేళ్ల కిందటిది కూడా అంత సుళువుగానే వచ్చింది.

“నాకు తెలీదురా” అన్నాను.

ఆర్డెల్ నన్ను అలాగే చూస్తూ ఉన్నాడు. నవ్వుతాడేమోనని ఎదురుచూశాను. నవ్వలేదు. తోకను మెల్లిగా మూశాడు.

“ఆ రోజు అరుగు మీద ఈ ముక్కే అని ఉంటే, ఇంటికెళ్లి హాయిగా వండుకు తినేవాణ్ణి కదరా. మర్నాడు మళ్లీ ఇద్దరం వేటకొచ్చేవాళ్లం” అన్నాడు.

వాడు పుంజు ఒక కాలు పట్టుకుని రెండోది నాకు అందించాడు. ఇద్దరం దాన్ని మోసుకుంటూ వాలు దిగాం.